చెంబు బావ వాలు పరీక్ష

పడిన నీళ్లు ఎటు పోతాయో చూసేదాకా చెంబు బావకి ముద్ద దిగదు. ఆయనకున్న జబ్బల్లా అదొక్కటే. లోకంలో కొందరికి పేకాట పిచ్చి, కొందరికి పక్కింటి గొడవల పిచ్చి, ఈయనకి వాలు పిచ్చి. ఏ ఇంటికి వెళ్లినా, ఏ ఆఫీసులో అడుగుపెట్టినా ముందు అక్కడ ఎత్తుగా ఉన్న చోటు వెతుక్కుంటాడు. చేతిలో ఎప్పుడూ ఉండే ఇత్తడి చెంబులోంచి నీళ్లు కుమ్మరిస్తాడు. ఆ పైన నడుం వంచి, చేతులు వెనక్కి కట్టుకుని, ఆ నీళ్ల వెంట నడుస్తాడు. అవి గుమ్మం దాటితే ఆయనా గుమ్మం దాటుతాడు. అవి మంచం కిందికి దూరితే ఆయనా దూరతాడు. ఆ మంచం మీద పడుకున్నవాళ్లు ఎవరో, ఎందుకు కేకలు పెడుతున్నారో ఆయనకి అనవసరం.

ఊరు కూడా ఆయన జబ్బుకి తగ్గట్టే కుదిరింది. కొండ వాలు మీద ఇళ్లు మెట్లు మెట్లుగా, ఒకదాని నెత్తిన ఒకటి. అట్టడుగున సముద్రం. పై ఇంటివాడు పుక్కిలిస్తే కింది ఇంటివాడు గొడుగు వెతుక్కోవాలి. కొండ మీది మట్టి జారకుండా, కింద ఒడ్డు కోసుకుపోకుండా చూడటం చెంబు బావ ఉద్యోగం. ఊరి ఆఫీసులో ఆ ఉద్యోగానికో పొడుగాటి పేరుంది. బల్ల మీది చెక్కముక్కకి అది సరిపోక సగం రాసి వదిలేశారు.

తెల్లవారగానే చెంబు పట్టుకుని గబగబా కొండెక్కే మనిషిని చూసి ఊరు ఏమనుకోవాలో అదే అనుకుంది. ఆడవాళ్లు మొహం తిప్పుకునేవారు. మగవాళ్లు సానుభూతిగా పక్కకి జరిగి దారి ఇచ్చేవారు. కొత్తగా వచ్చిన డాక్టరు ఒకాయన నాలుగు రోజులు చూసి, ఆపి, నాలిక చూపించమన్నాడు.

చెంబు బావ భార్యకి ఇద్దరు తమ్ముళ్లు. పెద్దవాడు తాళాలు చేస్తాడు, చిన్నవాడు బట్టలు కుడతాడు. చెంబు బావ వాళ్లని తాళం, కత్తెర అని పిలిచేవాడు. పిలవగా పిలవగా ఊరికీ అవే అలవాటయ్యాయి. ఈ బావ వల్ల ఎక్కువ నలిగినవాడు కత్తెర. ఎందుకంటే కత్తెర మర్యాదస్తుడు. నలుగురిలో తలెత్తుకు తిరగాలనీ, తన కొట్టుకి పెద్ద పెద్దవాళ్లు రావాలనీ కోరుకునే మనిషి. అలాంటివాడి కొట్టులోకి ఒక పెద్దమనిషి కోటు కొలతలకి వచ్చి చేతులు చాపి నిలబడి ఉంటే, ఆయన కాళ్ల మధ్యగా పోతున్న నీటి పాయ వెనకాల బావ పాక్కుంటూ రావడం ఏ దర్జీకి మాత్రం బాగుంటుంది?

బావ వాళ్లింట్లో అడుగుపెట్టిన మొదటి రోజే కత్తెరకి బాగా గుర్తు. అక్కని చేసుకుంటానని అడగడానికి వచ్చాడు. తాగమని నీళ్లిచ్చారు. మనిషి గ్లాసు అందుకుని, గదంతా కలయజూసి, లేచి వెళ్లి గడప దగ్గర కుమ్మరించాడు. నీళ్లు నాన్న కుర్చీ కిందుగా పోయి, చెప్పులు తడిపి, గోడ మూల ఆగాయి. పెళ్లికొడుకు కావలసినవాడు మోకాళ్ల మీద ఆ మూలకి చేరి, గోడకి చెవి ఆనించి, మీ ఇల్లు ఇటు కుంగుతోందండీ, వచ్చే ఏటికి ఈ తలుపు మూసుకోదు అన్నాడు. నాన్న అక్కని లోపలికి తీసుకెళ్లి, ఇంకోసారి ఆలోచించుకోమ్మా అని బతిమాలాడు. అక్క అక్కడికక్కడే ఆలోచించింది.

"పోసేది నీళ్లే కదా నాన్నా. పక్కింటి అల్లుడు పోసుకునేదేమిటో రోజూ చూస్తూనే ఉన్నాం కదా."

మరుసటేడు ఆ తలుపు మూసుకోలేదు. అల్లుణ్ణి మెచ్చుకోవాలో తిట్టాలో తేలక, నాన్న భుజంతో తోస్తూ తలుపునే తిట్టేవాడు.

మట్టికోత ఆపడం చెంబు బావ ఉద్యోగమే గానీ ఆయన నోటికోతకి మాత్రం ఏ గట్టూ అడ్డం లేదు. ఒక వాలు మీద తను నాటిన వట్టివేరు దుబ్బులు ఎంత లోతుకి దిగాయంటే, కింది వీధి బావిలోకి వేళ్లు వేలాడాయట. జనం చేంతాడు మానేసి ఆ వేళ్లు పట్టుకునే నీళ్లు తోడుకున్నారట. ఇంకో గాలివానకి కొండ చరియ కదలబోతే, ఆ గడ్డే దాన్ని జుట్టు పట్టుకుని వెనక్కి లాగిందట. ఆ లాగుడికి కొండ మీదున్న ఒక ముసలాయన కుర్చీతో సహా పక్క వార్డులో పడ్డాడనీ, అప్పటినుంచీ ఆయన ఓటు అక్కడేననీ చెప్పి, వినేవాళ్లు నవ్వితే నొచ్చుకునేవాడు.

చెప్పని సంగతులూ ఉన్నాయి. అవి కత్తెర చెప్పేవాడు, సంతోషంగా. ఒకసారి చెంబు బావ పెద్ద వాలుకి అడ్డంగా గడ్డిని లావుపాటి చుట్టలుగా చుట్టించి, మేకులు దిగేసి, వరసలుగా పరిపించాడు. దిగివచ్చే నీళ్లు ప్రతి చుట్ట దగ్గరా ఆగి, ఊపిరి పీల్చుకుని, మోసుకొచ్చిన మట్టిని అక్కడే దించి వెళ్లాలని లెక్క. లెక్క సరైనదే. గడ్డిలో గింజలు మిగిలిపోయాయి. తొలి జల్లుకి చుట్టలన్నీ మొలకెత్తి, కొండకి పచ్చటి చారల చొక్కా తొడిగినట్టయింది. పై అధికారులు వచ్చి ఫొటోలు దిగారు. వాళ్లు అటు వెళ్లగానే చుట్టుపక్కల మేకలన్నీ ఇటు వచ్చాయి. మొలకలు తిన్నాయి, చుట్టలు తిన్నాయి, చుట్టలకి కట్టిన నారవల తిన్నాయి, 'ఇచ్చట మేకలు మేపరాదు' అని రాసిన అట్టని నంజుకుని తిన్నాయి. చెంబు బావ చలించలేదు. మేకలు బాగా బరువెక్కినందువల్ల వాటి నడకకి నేల గట్టిపడుతున్నదని పైకి రాసి పంపాడు. పైవాళ్లు అది చదివి, మేకల సంఖ్య పెంచవచ్చునా అని అడిగారు.

సముద్రపు ఒడ్డున ఆఫీసువాళ్లు చేసిన ఘనకార్యం ముందు ఇదేమంత పెద్దది కాదులెండి. అలలు ఒడ్డుని కోస్తున్నాయని నిటారుగా గోడ కట్టారు. ఎదురుగా కొట్టినవాణ్ణి ఎవరు మాత్రం వదులుతారు? గోడకి కొట్టుకున్న అల తిరిగిపోతూ గోడ కాళ్ల కింది ఇసుకంతా గీరుకుపోయింది. గోడని కాపాడటానికి రాళ్లు పోశారు. రాళ్లని ఎవరో ఎత్తుకుపోతుంటే, వాటిని కాపాడటానికి కాపలావాణ్ణి పెట్టారు. కాపలావాణ్ణి ఎండ నుంచి కాపాడటానికి గుడిసె వేశారు. గుడిసెని అల పట్టుకుపోయింది. అప్పుడు పెద్దలంతా కూర్చుని, ఇంకా ఎత్తయిన గోడ కడదామని తీర్మానించారు. ఆ సమావేశానికి చెంబు బావ కూడా వెళ్లాడు, చెంబుతో. పెద్ద అధికారి ముందు దొంతరగా పేర్చిన ఫైళ్లకేసి బల్ల మీద నీళ్లు విసిరాడు. నీళ్లు ఫైళ్లకి కొట్టుకుని తిరిగొచ్చి అధికారి ఒళ్లో దిగాయి. నిటారు గోడ చేసేది ఇదేనండీ, అదే ఏటవాలుగా రాళ్లు పరిచి, వెనక ఇసుకమేట వేసి, దాన్ని పట్టి ఉంచే తీగలూ పొదలూ పెంచితే అల ఎక్కి ఎక్కి అలిసిపోయి వెళ్లిపోతుందని బావ వివరించాడు. అధికారి తడిసిన ప్యాంటుతో లేవలేక, సమావేశాన్ని సాయంత్రం దాకా పొడిగించాడు. మర్నాటి నుంచి చెంబు బావకి ఒడ్డు పని తీసేసి కొండ ఒక్కటే ఉంచారు.

అలా ఆయన పూర్తిగా బావమరదుల నెత్తిన పడ్డాడు.

తాళం, కత్తెర ఇళ్లు ఒకదాని కింద ఒకటి. పైది అన్నది, కిందిది తమ్ముడిది. మధ్యలో నిలువెత్తు మట్టివాలు. ఇద్దరూ మాట్లాడుకోవడం మానేసి చాలా కాలమైంది. ఊడ్చుకోవడానికి వీలుగా ఉంటుందని తాళం తన పెరడంతా సిమెంటు చేయించడంతో మొదలైంది కథ. అంతకుముందు నేల తాగేసిన వాన, ఆ ఏడు నేల దొరక్క తిన్నగా వచ్చి కత్తెర పెరట్లో దిగింది. అక్కడ ఒక పెళ్లికొడుకు కోటు ఆరేసి ఉంది. ముహూర్తానికి టైము లేదు. పెళ్లికొడుకు తడి కోటే తొడుక్కుని నిలబడ్డాడు. ఫొటోల్లో వణుకుతున్నాడు. చూసినవాళ్లు ప్రేమ అనుకున్నారు గానీ అతనికి వచ్చింది జలుబు. ఊళ్లో కత్తెర పరువు ఆ తుమ్ములతో పోయింది. ఆ ఉక్రోషంలో కత్తెర వాలు అడుగున గోడ కట్టించాడు, చీమ దూరే సందు కూడా లేకుండా. నీ నీళ్లు నువ్వే ఉంచుకో అని దాని అర్థం.

మధ్యలో ఉన్న వాలు ఎవరిది అన్నది ఇంకా తేలలేదు. బట్టలు ఆరేసుకోవలసి వస్తే ఇద్దరిదీ. బాగు చేయించవలసి వస్తే ఎవరిదీ కాదు. ఆడవాళ్లకి మాత్రం ఈ యుద్ధం తగల్లేదు. తోడికోడళ్లిద్దరూ గోడ మీదుగా గిన్నెలు అందించుకుంటూనే ఉండేవారు. మగవాళ్ల మాటలు లేకపోవడం వల్ల ఎంత పని తెములుతోందో చెప్పుకుని మురిసేవారు.

ఒకనాడు కొట్టు నిండా జనం ఉండగా చెంబు బావ పెరట్లోంచి వచ్చాడు. తలుపు దగ్గర నిలబడి తాపీగా అన్నాడు:

"ఒరేయ్ కత్తెరా, నీ గోడకి నెలలు నిండాయిరా."

కొలతలకి వచ్చిన పెద్దమనిషి చేతులు దించేశాడు. అందరూ పెరట్లోకి నడిచారు. నిజమే. గోడ మధ్యలో పొట్ట ముందుకొచ్చింది. పైన, తాళం వంటగది గోడకి దగ్గర్లో, మట్టిలో బీట కూడా పడిందని బావ చెప్పాడు. వానలు దిగితే గోడ విచ్చుకుంటుంది. వాలు వచ్చి కొట్టులో కూర్చుంటుంది. దాని వెనకే పైవాడి వంటగది వస్తుంది. ఆఫీసువాళ్లకి తెలిస్తే వానలకి ముందే రెండిళ్లూ ఖాళీ చేయించి తాళాలు వేస్తారు. ఆ తాళాలు కూడా పైవాడే చేసి ఇవ్వాల్సి ఉంటుంది, అని కలిపాడు.

కత్తెర మొహంలో నెత్తురు లేదు. ఇల్లూ కొట్టూ ఆ ఒక్క కప్పు కిందే. గోడ అంత గట్టిగా కట్టించాను కదా బావా, ఎలా కదిలింది అన్నాడు.

"పొట్ట పగిలేలా తిని బొత్తాలన్నీ బిగిస్తే ఏమవుతుంది?"

"కుట్లు ఊడతాయి."

"నీ వెధవ గోడకీ అదే. వెనకున్న మట్టి నీళ్లు తాగి తాగి తోస్తోంది. బొత్తాలు విప్పరా."

విప్పడం అంటే గోడకి వరసగా కంతలు పొడిచి గొట్టాలు పెట్టడం, వెనకాల కంకర నింపడం. నీళ్లతో పాటు మట్టి వచ్చేయకుండా గొట్టాల లోపలి మూతికి గుడ్డ మేజోళ్లు తొడగాలి. అవి కుట్టే పని కత్తెరది. వాలు మీద నారవల పరిచి, వలలోంచి వట్టివేరు వరసలు నాటాలి. వల లేవకుండా కొక్కేల మేకులు వంచే పని తాళానిది. తాళం పెరట్లో సిమెంటు బద్దలుగా తవ్వి, నీళ్లు ఒక్కసారిగా దూకకుండా అడ్డంగా, నెమ్మదిగా పోయే కాలవ తియ్యాలి. ఇదంతా అయ్యాక వాలు పరీక్ష. అందులో నెగ్గితేనే ఇళ్లకి భయం లేదని బావ సంతకం.

"పరీక్షకో పద్ధతుంది," అన్నాడు బావ, ఆఫీసు గొంతుతో. "పైవాడు పొయ్యాలి, కిందివాడు వచ్చిందని ఒప్పుకోవాలి. ఇద్దరి మాటా కలిస్తేనే. రూలు."

నీళ్లకి కూడా రూలేమిటని కత్తెర లోపల్లోపల తిట్టుకున్నాడు. కానీ ఇల్లు పోతుందన్న భయం ముందు పంతం కాస్త పక్కకి జరిగింది. పూర్తిగా కాదు. అన్నతో మాట్లాడను, నా పని నేను చేస్తాను అన్నాడు. పైనుంచి కూడా అదే మాట వచ్చింది, మోసుకొచ్చింది బావే.

పని అయింది. మర్నాటి నుంచి పరీక్ష మొదలైంది. తాళం పైన నిలబడి చెంబెడు నీళ్లు పోస్తాడు. కత్తెర కింద గోడ దగ్గర గొట్టాల ముందు గొంతుక్కూచుంటాడు. ఒకడు దగ్గితే ఇంకొకడికి వినిపించేంత దూరం. అయినా మాటలు బావ ద్వారానే పోవాలి.

"వచ్చిందా అని అడుగుతున్నాడు మీ అన్నయ్య."

"రాలేదని చెప్పండి మీ బావమరిదికి."

"ఏ బావమరిదికి?"

కత్తెర పళ్లు నూరేవాడు. పైగా వాలు మీద కొత్త గడ్డి, తొక్కకూడదని చెప్పి బావ ఒక్కో మాటనీ వీధి మెట్ల మీదుగా చుట్టూ తిరిగి మోసేవాడు. రాలేదన్న మాట పైకి చేరేసరికి పోసిన నీళ్లు ఆరిపోయేవి. దార్లో ఎవరో మంచినీళ్లిస్తే ఆగి, అక్కడో పరీక్ష చేసి వచ్చేవాడు. ఇదంతా ఒక ఎత్తు. మోసే మాటల్ని మార్చి మోయడం ఇంకో ఎత్తు. వాడు అసలు పోస్తున్నాడో లేదో ఎవరు చూశారని కత్తెర అంటే, బావ మెట్లెక్కి వెళ్లి చెప్పే మాట పైనుంచి స్పష్టంగా వినిపించేది:

"తమ్ముడు నీ ఆరోగ్యం ఎలా ఉందని అడుగుతున్నాడు."

అడగలేదు మొర్రో అని కత్తెర గొంతు దాకా వచ్చింది. కానీ అరిస్తే అన్నతో మాట్లాడినట్టవుతుంది. నోరు మూసుకున్నాడు. పైన చెంబు కింద పెట్టిన చప్పుడైంది. తరవాత తాళం గొంతు, కాస్త చిన్నగా, మోకాలు నొప్పి తప్ప బాగానే ఉందని చెప్పు అంది. కత్తెర గొట్టం కేసి చూస్తూ కూర్చున్నాడు. అన్నకి మోకాలు నొప్పి అని తెలీదు. ఎప్పటినుంచో మరి.

కానీ నీళ్లు రాలేదు. ఎన్ని పొద్దులు పోసినా గొట్టాలు పొడిగానే ఉన్నాయి. తమ్ముడు వెనకనుంచి ఏదో కుక్కాడని తాళం అనుమానం. అన్న నీళ్లు ఇంకెటో మళ్లిస్తున్నాడని కత్తెర అనుమానం. బావ మాత్రం గొట్టానికి కన్ను ఆనించి చూసి, చెవి ఆనించి విని, తల గోక్కుని, నా సర్వీసులో ఇలాంటి వాలు చూడలేదని చెప్పి వెళ్లిపోయేవాడు. ఈయన గొప్పలన్నీ ఇంతేనని కత్తెరకి అప్పుడు రూఢి అయింది. కొండ జుట్టు పట్టుకుని లాగించిన మహానుభావుడికి ఒక గొట్టంలో నీళ్లెందుకు రావో తెలీదు.

ఒక ఉదయం సముద్రం మీద మబ్బు నల్లగా లేచింది. గాలి తడిగా ఉంది. పెరట్లో గోడ పొట్టతో అలాగే నిలబడి ఉంది. బావ వచ్చి, చెంబు తిరగేసి చూసి, అయ్యో నీళ్లు తేవడం మరిచానే అన్నాడు. ఇప్పుడే వస్తానని వెళ్లాడు. రాలేదు. పైన అన్న, కింద తమ్ముడు. మధ్యలో మబ్బు దగ్గరవుతోంది. తాళం విసిగిపోయి లోపలికి వెళ్లి, బకెట్టు నిండా నీళ్లు తెచ్చి దభాలున కుమ్మరించాడు. మోసేవాడు లేడు. మాట దానంతటదే దిగింది.

"వచ్చిందా?"

కత్తెర పక్క గొట్టంలోకి కూడా తొంగి చూశాడు.

"రాలేదు."

"ఒక్క చుక్కన్నా?"

"ఒక్క చుక్క కూడా."

"అదేమిట్రా మరి. గొట్టాలకి ఏం గుడ్డ తొడిగావు?"

"గట్టిదే తొడిగాను. అన్నిటికన్నా మంచిది."

"ఎంత గట్టిది?"

కత్తెర చేతికంటిన మట్టి దులుపుకున్నాడు. మట్టిలో ఎన్నేళ్లయినా చెక్కుచెదరకూడదని, కొట్లో ఉన్న గుడ్డల్లోకెల్లా మేలైనది ఏరి, రెండేసి కుట్లు వేసి కుట్టాడు. అప్పుడు గర్వంగానే ఉంది.

"రెయిన్‌కోటు గుడ్డ," అన్నాడు.

పైన బకెట్టు దొర్లిన శబ్దం. తాళం నేల మీద కూలబడి, మోకాలు పట్టుకుని, ఏడుస్తున్నట్టు నవ్వుతున్నాడు. నీళ్లు రాకుండా కుట్టిందీ నువ్వే, రాలేదని నన్ను తిట్టిందీ నువ్వేనా అని మధ్యమధ్య మూలుగుతున్నాడు. కత్తెరకి చెవుల దాకా వేడెక్కింది. ఓడిపోవడం అలవాటు లేని మనిషి. తలెత్తి వాలుకేసి చూశాడు. నారవల నాలుగు చివర్లా తళతళ మెరుస్తున్నవి కనిపించాయి.

"నువ్వు మాత్రం? వలకి తాళాలు వేసినవాడివి."

"మేకల కోసం వేశాను."

"మేకలు తాళం తీస్తాయా అన్నయ్యా?"

అన్నయ్య అన్న మాట నోరు జారిపోయింది. దాన్ని వెనక్కి తీసుకునే లోపలే తాళం వాలు మీదుగా, కొత్త గడ్డి పట్టుకుని పట్టుకుని దిగి వచ్చేస్తున్నాడు. గడ్డి తొక్కొద్దన్నాడు బావ, అని కత్తెర గుర్తు చేశాడు. బావ లేడుగా అన్నాడు తాళం, చిన్నప్పుడు నాన్న లేనప్పుడు అన్నట్టే.

రెయిన్‌కోటు మేజోళ్లు లాగేసి, నీళ్లు వదిలి మట్టిని పట్టే పల్చటి గోనెగుడ్డ తొడగడం మొదలుపెట్టారు. కత్తెర మిషను ముందు కూర్చుని కుట్టి అందిస్తుంటే, తాళం వెనక వైపు కంకర తోడి తొడుగుతున్నాడు. ఒక్కో మేజోడు తీసినప్పుడల్లా దాని వెనక చిక్కుకున్న నీళ్లు తాళం మొహాన కొట్టాయి. ప్రతిసారీ తమ్ముడి పనితనం ఎంత గట్టిదో ఒక మాట అన్నాడు. చివరి గొట్టం మూల ఉంది, బట్టలుతికే బండ చాటున. దాని దగ్గరికి వచ్చేసరికి తాళం ఆగిపోయాడు. తమ్ముణ్ణి పిలిచాడు.

ఆ గొట్టానికి అప్పటికే గోనెగుడ్డ తొడిగి ఉంది. పాతదే, మట్టి పట్టి, దారం మాత్రం గట్టిగా బిగించి ఉంది. ఆ ముడి ఇద్దరికీ తెలుసు. గడ్డి చుట్టలకి వేసే ముడి. ఊళ్లో అలా వేసేది ఒక్కరే. గొట్టం మూతి కింద గోడ పొడుగునా పచ్చగా నాచు పట్టింది. నీళ్లు మొదటి రోజు నుంచీ అక్కడినుంచి వస్తూనే ఉన్నాయన్నమాట. గోడ భయం ఏనాడో తీరిపోయింది. అన్నదమ్ములిద్దరూ మిగతా గొట్టాల ముందు కూర్చుని, పొడిగా ఉన్నాయని పొద్దున్నే పంచాయితీ పెట్టుకున్నారు. రోజూ తల గోక్కున్నవాడు రోజూ ఆ బండ మీదే కూర్చుని గోక్కున్నాడు.

వాన ఆ మధ్యాహ్నమే వచ్చింది. గొట్టాలన్నీ ముందు దగ్గాయి, ఉమ్మాయి, ఆ పైన వరసగా ధార కట్టాయి. గోడ పొట్టతోనే నిలబడింది. నడివయసు గోడ, పొట్ట ఇంక తగ్గదులే అన్నాడు తాళం. ఒకే గొడుగు కింద నిలబడి చూశారు. గొడుగు కత్తెరది. చిల్లు పడలేదా దీనికి అని అన్న అడిగితే, రెయిన్‌కోటు గుడ్డే అన్నాడు తమ్ముడు.

వాన వెలిశాక ఇద్దరూ కలిసి అక్క ఇంటికి వెళ్లారు, బావ గుట్టు రట్టు చెయ్యాలని. బావ లేడు. పై వీధిలో ఇల్లు కదలని ఒక పెద్దాయన వాకిట్లో నీళ్లు పోయించి, ఆయన్ని చెయ్యి పట్టుకుని వీధి మలుపు దాకా నడిపిస్తున్నాడని అక్క చెప్పింది. పైవాడు పొయ్యాలి, కిందివాడు ఒప్పుకోవాలన్న రూలు ఆఫీసులో నిజంగా ఉందా అని కత్తెర నిలదీశాడు. అక్కకి నవ్వు ఆగలేదు.

"ఆఫీసులో ఎక్కడిదిరా. అది మా ఇంట్లో రూలు. మేమిద్దరం పోట్లాడుకుని మూతి ముడుచుకున్న రోజున వంటింటి గడప మీద చెంబెడు పోసేస్తారు, ఎటు పోతుందో చూద్దాం రా అంటారు. గుడ్డ పట్టుకుని వెనకాల నడుస్తాను. వీధి గుమ్మం దాకా వచ్చేసరికి తిట్టడం మొదలుపెడతాను. ఆయనకి కావలసింది అదే."

ఇంత తెలిసినా కత్తెర బావని మెచ్చుకోలేదు. మెచ్చుకుంటే ఆ సంగతి వట్టివేరు కథల్లో కలిసిపోయి, అన్నదమ్ముల్ని కలపడానికి బావ ఏకంగా సముద్రాన్నే చెంబులో తెచ్చినట్టు తయారవుతుంది. అయినా తయారైంది. వారం తిరక్కుండానే, ఆ రోజు తాళం కార్చిన ఆనందబాష్పాలకే గొట్టాలు పొంగాయని ఊళ్లో చెప్పుకోవడం కత్తెర తన చెవులారా విన్నాడు. ఎవరు చెప్పారంటే అందరూ చెంబున్న వైపే చూపించారు.

తరవాతెప్పుడో ఒక పొద్దున కత్తెర తలుపు తీసేసరికి, మెట్ల మీద చెంబు బావ నిలబడి ఉన్నాడు. ముందు రోజు కత్తెర ఇంట్లో ఓ మాటా మాటా వచ్చింది. ఊరందరికీ కుడతారు, నాకో జాకెట్టు కుట్టడానికి మీకు చెయ్యి రాదు అని భార్య అంది. చెయ్యి ఖాళీ లేదని ఇతనన్నాడు. అప్పటినుంచి ఇంట్లో గిన్నెలు తప్ప ఎవరూ మాట్లాడటం లేదు. అక్క సాయంత్రం వచ్చి ఒక్క క్షణం కూర్చుని వెళ్లింది.

బావ మెట్లకేసి తల పంకించాడు.

"ఈ మెట్ల వాలు మీద నాకెందుకో అనుమానంగా ఉందిరా."

కత్తెర ఆయన మొహంలోకి చూశాడు. అందులో ఏమీ లేదు, ఆఫీసు తప్ప. మారు మాట్లాడకుండా ఆయన చేతిలోంచి చెంబు అందుకున్నాడు. భార్యని పిలిచి, ఓసారి కిందికెళ్లి నిలబడమన్నాడు. ఆవిడ మూతి తిప్పుకుంటూనే వెళ్లి అట్టడుగు మెట్టు మీద నిలబడింది. కత్తెర పై మెట్టు మీద వంగి, నెమ్మదిగా కుమ్మరించాడు. నీళ్లు ఒక్కో మెట్టూ దిగాయి, ఒకచోట ఆగి ఆలోచించాయి, మళ్లీ కదిలాయి.

"వచ్చిందా?" అని అడిగాడు.

ఆవిడ వంగి కాళ్లకేసి చూసుకుంది.

"వచ్చింది, వచ్చింది. నా కొత్త చెప్పుల మీదికే వచ్చింది. కళ్లు ఎక్కడ పెట్టుకుని పోస్తారండీ మీరు? ఆ జాకెట్టు గుడ్డ మీద కూడా ఇలాగే..."

ఇంక ఆవిడ ఆగలేదు. కత్తెర నవ్వు ఆపుకుంటూ పక్కకి తిరిగాడు, బావకి చెంబు ఇచ్చేద్దామని. బావ అక్కడ లేడు. అప్పటికే రెండిళ్ల అవతల ఎవరి తలుపో తట్టి, కాసిని మంచినీళ్లు ఇప్పించమని అడుగుతున్నాడు. తాగడానికి అనుకుని పాపం వాళ్లు గ్లాసులో తెస్తున్నారు.